కాళ్ళు పొడిగించుకున్నాక ఇంట్లో కోలుకోవడం: నరం నొప్పిని మాత్రం దాచకండి

ఎత్తు పెరగడానికి కాళ్ళ ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన వాళ్ళ కోసం, వాళ్ళని చూసుకుంటున్న ఇంట్లో వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చేయించుకోవచ్చా కూడదా అన్న వాదనలోకి నేను వెళ్ళను. నాకు రెండు కాళ్ళకీ మోకాలి కింద ఎముక సాగదీశారు, లోపల రాడ్డు, బయట ఫ్రేము. ఆపరేషన్ హైదరాబాద్‌లో అయింది, మిగతా నెలలన్నీ అమలాపురం దగ్గర మా ఊళ్ళోనే గడిచాయి. ముందుగా ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: కోత నొప్పి, కండ పట్టేసిన నొప్పి కొంతవరకు ఓర్చుకోవచ్చు, నరం నొప్పి మాత్రం ఓర్చుకునేది కాదు, డాక్టర్‌కి చెప్పాల్సింది.

ఎందుకో చెప్తాను. ఎముకని కోసి, వారం అటూ ఇటూగా ఆగి, తర్వాత ఫ్రేము మీది నట్టు తిప్పుతూ రోజుకి 1 మిల్లీమీటరు చొప్పున జరుపుతారు, అది కూడా ఒకేసారి కాదు, పావు మిల్లీమీటరు చొప్పున నాలుగు సార్లు. 1950లలో సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ అనే డాక్టర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది, నెమ్మదిగా లాగితే ఆ ఖాళీలో కొత్త ఎముక పడుతుంది. కానీ ఆ లాగుడు ఎముకతో ఆగదు, కండా నరమూ కూడా సాగాలి. మోకాలికి బయటి పక్క కొద్దిగా కిందన ఒక నరం కింది కాలులోని సన్న ఎముక పైభాగం చుట్టూ తిరిగి పాదంలోకి దిగుతుంది, పాదాన్నీ బొటనవేలినీ పైకి లేపేది అదే. కింది కాలు సాగదీసేటప్పుడు ఎక్కువ భయపడాల్సింది దాని గురించే.

అందుకని రోజూ పొద్దున్న నట్టు తిప్పే ముందు రెండు పనులు చేయండి. రెండు బొటనవేళ్ళనీ పైకి లేపి చూడండి. తర్వాత దూది ముక్కతో పాదం పైభాగం, బొటనవేలికీ పక్క వేలికీ మధ్య సందు రాసి చూడండి, స్పర్శ నిన్నటిలా ఉందా, మొద్దుబారిందా? నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయండి. ఏ కొంచెం తేడా ఉన్నా ఆ పూట తిప్పకుండా ముందు ఫోన్ చేయండి.

నేను ఫోన్ చేయలేదు. ముప్పై ఎనిమిదో రోజున కుడి బొటనవేలు సగమే లేచింది, పాదం మీద చీమలు పాకినట్టు, రాత్రిళ్ళు కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది, దుప్పటి తగిలినా భగ్గుమనేది. 7 సెంటీమీటర్లు పెరగాలనుకున్నాను, చెప్తే ఆపేస్తారేమోనని నాలుగు రోజులు దాచి తిప్పుతూనే ఉన్నాను. చివరికి మా మామ్మ చూసింది, "అబ్బాయ్, ఆ పాదం అలా వేలాడిపోతుందేంట్రా" అని. అప్పుడు చెప్తే డాక్టర్ కొన్ని రోజులు ఆపించి, తర్వాత సగం వేగంతో తిప్పించి, 5 సెంటీమీటర్ల దగ్గర పూర్తిగా ఆపేశారు. మొదటి రోజే చెప్పి ఉంటే వేగం తగ్గించడంతోనే సరిపోయేదేమో. మీరు ఆ నాలుగు రోజులు పోగొట్టుకోకండి.

రాత్రి నొప్పికి నాకు పనికొచ్చినవి ఇవి. మోకాలు కొద్దిగా వంచితే నరం మీద లాగుడు తగ్గి కాసేపు హాయిగా ఉంటుంది, కానీ రాత్రంతా మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటే మోకాలు వంగిపోయి బిగుసుకుపోతుంది, కాబట్టి పది నిమిషాలు పెట్టుకుని తీసేయండి. మోకాలి బయటి పక్క మంచం పట్టీ ఒత్తకుండా చూసుకోండి. దుప్పటి తగలకుండా పాదాల దగ్గర చిన్న స్టూలు పెట్టి దాని మీదుగా కప్పించుకోండి. మొద్దుబారిన చోట వేడినీళ్ళ బ్యాగు వద్దు, కాలినా తెలీదు. ఇంట్లో పెద్దవాళ్ళు ప్రేమతో నువ్వుల నూనె తెచ్చి మర్దనా చేస్తామంటారు, కొత్త ఎముక పడుతున్న చోట అది అస్సలు వద్దని నచ్చజెప్పండి.

మందుల విషయం. నరం నొప్పికి మామూలు నొప్పి బిళ్ళ పెద్దగా పనిచేయదు, డాక్టర్లు సాధారణంగా గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటివి రాస్తారు, చిన్న డోసుతో మొదలుపెట్టి పెంచుతారు. రెండు బిళ్ళలకే తగ్గలేదని నిరాశపడకండి, కొన్ని రోజులు పడుతుంది. మత్తుగా, తల తిరిగినట్టు ఉంటుంది, రాత్రి బాత్రూమ్‌కి వాకర్‌తో ఒక్కరే లేవకండి. తగ్గింది కదా అని ఒక్కసారిగా మానేయకూడదు, డాక్టర్ చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. ఈ మందులు వాడుతూ కల్లు గానీ బ్రాందీ గానీ ముట్టుకోకండి. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారి దగ్గర డైక్లోఫెనాక్ అనే నొప్పి ఇంజక్షన్లు రోజుల తరబడి చేయించుకోవద్దు, ఆ రకం మందులు ఎముక అతుక్కోవడాన్ని నెమ్మది చేయవచ్చు. లంక పొగాకు చుట్టైనా సిగరెట్టైనా అంతే, మానేయాల్సిందే.

ఫిజియో ఒక్క రోజు కూడా ఎగ్గొట్టకండి. పాదానికి తువ్వాలు వేసి మడమ వెనక పిక్క కండని మడమకి కలిపే స్నాయువు సాగేలా మీ వైపు లాక్కోవడం, ఫిజియో చెప్పినన్ని సార్లు. రాత్రిళ్ళు పాదం నిటారుగా నిలబెట్టే స్ప్లింట్ వేసుకోవాలి, లేకపోతే మడమ నేలకి ఆనదు. మన ఇళ్ళల్లో కింద కూర్చోవడం అలవాటు, ఈ నెలల్లో కుదరదు, కమోడ్ కుర్చీ ముందే కొనిపెట్టుకోండి. గుడ్డు, చేప, పెరుగు, పప్పు బాగా తినండి, విటమిన్ డి పరీక్ష చేయించుకోండి.

మన వైపు ఉక్కకి, ఫ్రేముని ఎముకకి పట్టి ఉంచే పిన్నుల చుట్టూ చెమట పట్టి చీము పడుతుంది. కాలవ నీళ్ళు, ఉప్పు బోరు నీళ్ళు అక్కడ తగలనివ్వకండి. సెలైన్‌తో గానీ కాచి చల్లార్చిన నీళ్ళతో గానీ, ఒక్కో పిన్నుకి ఒక్కో కొత్త గాజ్ ముక్కతో (పల్చటి కట్టు గుడ్డ) తుడవండి. లంక గ్రామాల వాళ్ళైతే వరదల నెలల్లో ఇంకో జాగ్రత్త: ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు, అది వినగానే గట్టు ఇవతల చుట్టాలింటికి వెళ్ళిపోండి, కాజ్‌వే మునిగాక ఫ్రేములున్న కాళ్ళతో పడవ ఎక్కడం చాలా కష్టం.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాల్సినవి: ఒక పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పి పెట్టడం, ఆయాసం, ఛాతీలో నొప్పి, జ్వరంతో పాటు పిన్ను దగ్గర చీము, వేలు కదిపితే ప్రాణం పోయేంత నొప్పితో పిక్క రాయిలా బిగియడం.

ఇంట్లో వాళ్ళకి అన్నీ చెప్పండి. 2016లో హైదరాబాద్‌లో ఒక కుర్రాడు అమ్మానాన్నలకి చెప్పకుండా ఇదే ఆపరేషన్ చేయించుకుంటే పేపర్లలో పెద్ద వార్త అయింది. నెలల తరబడి లేపి కూర్చోబెట్టేది వాళ్ళే, పాదం వేలాడిపోతే ముందు చూసేదీ వాళ్ళే.

దెబ్బతిన్న నరం మళ్ళీ పెరిగితే రోజుకి సుమారు 1 మిల్లీమీటరే, మోకాలి నుంచి వేళ్ళ దాకా లెక్కేసుకోండి. మధ్యలో చీమలు పాకినట్టు మళ్ళీ ఎక్కువైతే కంగారుపడకండి, చాలాసార్లు అది నరం మేలుకుంటున్న గుర్తే, అయినా డాక్టర్ చెవిన వేయండి. నా కుడి బొటనవేలు తొమ్మిదో నెలలో పూర్తిగా లేచింది. వెళ్ళి ముందు మామ్మకే చూపించాను.