ఆర్డుయినో ఎగ్జాంపుల్ కంపైల్ కావడం లేదా? ముందు ఫోల్డర్ చూడండి

సమస్య: నిన్నటిదాకా ఆర్డుయినో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) మీద నడిచిన బ్లింక్ ఎగ్జాంపుల్ (ఎల్ఈడీని వెలిగించి ఆర్పే నమూనా కోడ్) ఇవాళ కంపైల్ కావడం, అంటే బోర్డుకు అర్థమయ్యే రూపంలోకి మారడం లేదు. ‘రీడెఫినిషన్ ఆఫ్ వాయిడ్ సెటప్’ (సెటప్ ఫంక్షన్ రెండుసార్లు రాశారు) అంటోంది, వెనకే లూప్ గురించీ అదే మాట. కోడ్‌లో చూస్తే సెటప్ ఒక్కటే ఉంది.

ఇది చూడగానే బోర్డు మార్చేవాళ్ళు, ఐడీఈ (కోడ్ రాసే ఆర్డుయినో సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసేవాళ్ళు చాలామంది. బాబూ, ముందు ఎడిటర్ పైన ఎన్ని ట్యాబులున్నాయో చూడండి! రెండో ట్యాబు కనిపిస్తే దొంగ దొరికినట్టే.

కారణం: ఆర్డుయినో దృష్టిలో స్కెచ్ (మనం రాసే ప్రోగ్రాం) అంటే ఫైలు కాదు, ఫోల్డరు. బ్లింక్ ఫోల్డర్‌లో బ్లింక్.ఐఎన్ఓ (.ino, కోడ్ ఉండే ఫైలు) ఉండాలి, ఇంతవరకు అందరికీ తెలుసు. అదే ఫోల్డర్‌లో ఉన్న మిగతా ఐఎన్ఓ ఫైళ్ళన్నీ కూడా కంపైల్‌కి ముందు ఒకే ఫైలుగా అతుక్కుంటాయన్నదే చాలామందికి తెలియదు. ఫోల్డర్ పేరున్న ఫైలు ముందు, మిగతావి అక్షరక్రమంలో దాని వెనక. బ్యాకప్ కోసమని పక్కనే బ్లింక్_ఓల్డ్.ఐఎన్ఓ అని కాపీ పెట్టారా, సెటప్‌లు రెండయ్యాయి.

ఎర్రర్ వస్తే అదృష్టమే. పాత ఫైల్లో సెటప్, లూప్ లేకుండా ఏదో సెన్సర్ ఫంక్షన్ మాత్రమే మిగిలి ఉంటే ఏ ఎర్రరూ రాదు. మెయిన్ ఫైల్లోంచి మీరు తీసేసిన ఆ ఫంక్షన్ అక్కడినుంచే పనిచేస్తూ ఉంటుంది. ప్రాజెక్ట్ సబ్మిట్ చేసేటప్పుడు మెయిన్ ఫైలు ఒక్కటే పంపిస్తారు, ల్యాబ్ కంప్యూటర్‌లో ‘నాట్ డిక్లేర్డ్ ఇన్ దిస్ స్కోప్’ (ఆ పేరుతో ఏదీ దొరకలేదు) అని వస్తుంది. ‘నా ల్యాప్‌టాప్‌లో నడిచింది సార్’ అనే మాట ఎన్నిసార్లు విన్నానో! నిజంగానే నడిచి ఉంటుంది.

పరిష్కారం: ఫైల్ మేనేజర్‌లో కాపీ కొట్టకండి. ఐడీఈలో ‘సేవ్ యాజ్’ నొక్కితే కొత్త పేరుతో కొత్త ఫోల్డరే తయారవుతుంది. పేరులో ఖాళీలు వద్దు, అండర్‌స్కోర్ చాలు. పాత ఫైళ్ళు దగ్గరే ఉండాలనుకుంటే లోపల సబ్‌ఫోల్డర్‌లో వేయండి, దాని పేరు మాత్రం ఎస్ఆర్‌సీ (src) కాకూడదు. ఆ ఒక్క సబ్‌ఫోల్డర్‌నే కంపైలర్ తడుముతుంది.

సమస్య: లైబ్రరీ (ఇతరులు రాసి పెట్టిన రెడీమేడ్ కోడ్) పెట్టాం, ఎగ్జాంపుల్స్ మెనూలో కనిపించవు.

ఐడీఈ మూసి తెరిచారా? జిప్ విప్పినప్పుడు ఫోల్డర్‌లో మళ్ళీ అదే పేరుతో ఇంకో ఫోల్డర్ పడిందేమో చూశారా? లైబ్రరీ మీరే రాసిందైతే లోపలి ఫోల్డర్ పేరు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో ‘ఎగ్జాంపుల్స్’ (examples) అనే ఉండాలి. ‘డెమోస్’ లాంటి పేర్లు చెల్లవు. అందులో ఒక్కో ఉదాహరణకు దాని పేరుతోనే ఒక్కో ఫోల్డర్ ఉండాలి.

సమస్య: డౌన్‌లోడ్ చేసిన ఎగ్జాంపుల్ తెరిస్తే హెడర్ ఫైలు (కోడ్‌కు తోడుగా ఉండే .h ఫైలు) దొరకలేదంటోంది.

‘ఈ ఫైలు ఫలానా ఫోల్డర్‌లో ఉండాలి, మార్చనా’ అని ఐడీఈ అడిగితే ఓకే కొట్టేసి ఉంటారు. అది ఐఎన్ఓ ఫైలును మాత్రమే మార్చింది, హెడర్ పాత చోటే ఉండిపోయింది. తెచ్చి పక్కన పెట్టండి.

ఎగ్జాంపుల్ ‘ఇన్‌కంపాటిబుల్’ జాబితా కింద ఉంటే అది వేరే బోర్డుది. బోర్డు ఎంపిక చూసుకోండి చాలు.