ఓర్వియేతో చూడాలంటే ముందు కిందికి దిగండి

రోమ్ నుంచి ఫ్లోరెన్స్ వెళ్ళే రైలు దారిలో ఒకచోట పొలాల మధ్య నిట్టనిలువుగా లేచిన పెద్ద బండ, దాని నెత్తిన ఒక ఊరు కనిపిస్తాయి. అదే ఓర్వియేతో. మనవాళ్ళ ఇటలీ ప్లాన్ ఎవరిది చూసినా రోమ్, ఫ్లోరెన్స్, పీసా, వెనిస్, అంతే, ఈ ఊరిని దాటేసి పోతారు. ఒక్క రోజు మిగిలినా ఇక్కడ దిగమంటాను, కాకపోతే ఏది ముందు, ఏది తర్వాత అన్నది చూసుకోవాలి. మొదటిసారి నేను పొద్దున్నే దిగి నేరుగా పెద్ద చర్చికి పరిగెత్తాను. ముఖద్వారమంతా నీడలో ఉంది, ఫోటోలు బూడిదరంగులో వచ్చాయి, సాయంత్రం ఇక్కడి లోతైన పాత బావి దగ్గరికి వెళ్ళేసరికి మోకాళ్ళు మొరాయించాయి. మీరు దీన్ని తిరగేసి చేయండి.

రైలు సంగతి ముందు. హై స్పీడ్ రైళ్ళు చాలావరకు ఇక్కడ ఆగవు. రోమా తెర్మినీ నుంచి రీజనల్ రైలు గానీ ఇంటర్‌సిటీ గానీ ఎక్కితే గంటంబావు అటూ ఇటూగా దింపేస్తుంది. రీజనల్ టికెట్ ధర మారదు కాబట్టి నెలల ముందు కొనే టెన్షన్ లేదు. కాగితం టికెట్ అయితే మాత్రం ఎక్కేముందు ప్లాట్‌ఫామ్ దగ్గరున్న చిన్న మెషిన్‌లో ముద్ర వేయించుకోవాలి, మర్చిపోతే ఫైన్, అక్కడ బతిమాలినా పని జరగదు. పెద్ద ట్రాలీ బ్యాగులు రోమ్‌లోనే వదిలి రండి. పైన వీధులన్నీ రాళ్ళు పరిచినవే, నా సూట్‌కేస్ చక్రం ఒకటి ఇప్పటికీ అక్కడే ఎక్కడో ఉంది.

స్టేషన్ కింద, ఊరు పైన. ఎదురుగానే తాడుతో లాగే చిన్న రైలు ఉంటుంది, ఫ్యూనిక్యులర్ అంటారు. 1888లో మొదలైనప్పుడు నీటి బరువుతో నడిచేదట, ఇప్పుడు కరెంటుతో నడుస్తోంది. పైన పియాజ్జా కాహెన్ అనే కూడలిలో దిగగానే డువోమో, అంటే ఆ పెద్ద చర్చి దాకా తీసుకెళ్ళే బస్సు కనిపిస్తుంది. ఎక్కకండి! పక్కనే నాలుగడుగుల్లో పోజో ది సాన్ పాత్రీజియో ఉంది, సెయింట్ పాట్రిక్ బావి అని. కాళ్ళలో ఓపిక ఉండగానే చూడాల్సింది ఇదే.

దీని కథ తెలుసుకుని దిగితే మజా వేరు. 1527లో సైన్యాలు రోమ్‌ని దోచుకున్నప్పుడు పోప్ ఏడో క్లెమెంట్ మారువేషంలో తప్పించుకుని ఈ బండ మీదికి వచ్చాడు. ఎక్కడానికి ఎవడికీ అలివి కాని చోటే, మరి ముట్టడి పడితే నీళ్ళు? అంతోనియో ద సంగాల్లో అనే వాస్తుశిల్పిని పిలిచి బావి తవ్వించాడు. 53 మీటర్ల లోతు, 13 మీటర్ల వెడల్పు, 1537కి పూర్తయింది. తెలివంతా మెట్లలో ఉంది. గోడ చుట్టూ రెండు చుట్టు దారులు, ఒకదానికొకటి తగలకుండా, తాడు పేనినట్టు. ఖాళీ కుండలతో కంచరగాడిదలు ఒక దారిన దిగి, అడుగున చిన్న వంతెన దాటి, నీళ్ళతో రెండో దారిన పైకి వచ్చేవి, ఎక్కడా ఎదురెదురు పడకుండా. వెలుతురు కోసం లోపలివైపు 72 కిటికీలు. ఒక కిటికీలోంచి చూస్తే అవతలి దారిలో ఎక్కేవాళ్ళు కనిపిస్తారు, కానీ మీరు వాళ్ళని చేరలేరు. పిల్లలుంటే చెయ్యి ఊపుకుంటూ అక్కడే అరగంట గడిపేస్తారు. మెట్లు 248, మళ్ళీ ఎక్కాలి సుమా. గుండె, ఊపిరి ఇబ్బంది ఉన్న పెద్దవాళ్ళని పక్కనే ఉన్న కోట తోటలో కూర్చోబెట్టండి, కింద లోయ అంతా అక్కడి నుంచే కనిపిస్తుంది.

తర్వాత కోర్సో కవూర్ అనే మెయిన్ వీధి పట్టుకుని నడవండి. భోజనం ఒంటిగంటకే ముగించేయండి, మధ్యాహ్నం తర్వాత చాలా వంటగదులు మూసేసి మళ్ళీ రాత్రికే తెరుస్తారు. ఇక్కడి పాస్తా ఉంబ్రికెల్లి, చేత్తో పేనిన లావుపాటిది. శాకాహారులు తర్తూఫో, అంటే ట్రఫుల్ అనే నేలలో పెరిగే పుట్టగొడుగు లాంటి దానితో చేసింది అడగండి. మెనూలో చింగ్యాలె అంటే అడవిపంది, పలోంబా అంటే అడవి పావురం, ఆర్డర్ చేశాక తెలిస్తే లాభం లేదు. బ్రెడ్ చప్పగా ఉంటే తిట్టుకోకండి, ఆ ప్రాంతంలో సంప్రదాయంగా ఉప్పు వేయరు. ఆవకాయ పాకెట్ ఉంటే... సరే, అది మీ ఇష్టం.

పావురం అన్నాను కదా, దాని గుట్టు నేల కింద ఉంది. బండ అంతా టుఫా అనే మెత్తటి అగ్నిపర్వత రాయి కావడంతో రోమన్ల కన్నా ముందు ఇక్కడ ఉన్న ఎత్రుస్కన్‌ల కాలం నుంచి ఇంటింటి కిందా తవ్వుతూనే వచ్చారు, అలాంటి గుహలు వెయ్యికి పైనే. డువోమో ఎదుట ఉన్న ఆఫీసు నుంచి గైడ్‌తో తీసుకెళ్తారు, ఇంగ్లిష్‌లో కూడా చెప్తారు, సుమారు గంట. గోడ నిండా చిన్న చిన్న చదరపు గూళ్ళు కనిపిస్తాయి, పావురాలని పెంచినవి. పక్షి బయట తిని వస్తుంది, మేత ఖర్చు లేదు, ఇంట్లో కూర సిద్ధం! లోపల ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది, ఒక పలచటి స్వెటర్ పెట్టుకోండి. ఇరుకు దారి ఒకటుంది, ఇరుకంటే భయం ఉన్నవాళ్ళు ముందే గైడ్‌తో చెప్పండి.

పైకి వచ్చేసరికి పొద్దు వాలుతుంటుంది, డువోమోకి ఇదే సమయం. ముఖద్వారం పడమటి వైపు కాబట్టి సాయంత్రపు ఎండ పడి బంగారు మొజాయిక్ మండుతున్నట్టు మెరుస్తుంది. 1290లో మొదలుపెట్టిన కట్టడం. పక్కగోడలు నల్ల బసాల్ట్, తెల్లరాయి చారలు. పైకే చూస్తూ ఉండిపోకండి, కింద నాలుగు స్తంభాల మీద సృష్టి మొదలు తుది తీర్పు దాకా చెక్కిన కథలు కళ్ళ ఎత్తులోనే ఉన్నాయి. లోపల కుడివైపు సాన్ బ్రీజియో చాపెల్‌లో లూకా సిన్యొరెల్లి 1499 నుంచి 1504 దాకా వేసిన కుడ్యచిత్రాలు ఉన్నాయి. చచ్చినవాళ్ళు నేలలోంచి మోచేతులు ఆన్చి పైకి లేస్తుంటారు, కొందరు ఇంకా అస్థిపంజరాలే, కొందరికి అప్పటికే కండ పట్టింది. నాకు రోమ్‌లో చూసిన చాలావాటికన్నా ఇదే గుర్తుండిపోయింది. భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళండి. మూసే టైమ్ కాలాన్ని బట్టి మారుతుంది, పొద్దునే కనుక్కుని పెట్టుకోండి. బావి, గుహలు, డువోమో మూడూ చూసేవాళ్ళకి కార్తా ఊనికా అనే కలిపిన టికెట్ గిట్టుబాటు, ఒకటి రెండే అయితే అనవసరం.

టైమ్ మిగిలితే మోరో టవర్ ఎక్కడం కన్నా (ఆ రోజుకి మెట్లు చాలవూ?) ఊరి పడమటి కొసన సాన్ జోవెనాలె అనే చిన్న పాత చర్చి దాకా నడవండి. టూరిస్టులు అక్కడిదాకా రారు, బాల్కనీల్లో ఆరేసిన బట్టలు, గోడకి ఆనుకుని ఒక పిల్లి, గోడ అవతల ఒక్కసారిగా లోయ. రాత్రి ఫ్యూనిక్యులర్ త్వరగా ఆగిపోతుంది, తర్వాత బస్సే దిక్కు. ఆఖరి రైలు పట్టుకునేవాళ్ళు గోడ మీద మరీ ఎక్కువసేపు కూర్చోకండి, మేము కూర్చున్నాం, స్టేషన్‌కి చేరేసరికి ఆ రైలు ఎర్రలైటు మాత్రమే కనిపించింది.