కొత్తవారిని చూసి కుక్క మీదికి దూకుతుంటే: సమస్య - పరిష్కారం

సమస్య: వీధి నుంచి తెచ్చి పెంచుకుంటున్న కుక్క ఇంట్లోవారితో ఎంతో మచ్చికగా ఉంటుంది కానీ, గుమ్మంలో కొత్త మనిషి కనబడగానే చెవులు వెనక్కి వాల్చి, తోక ముడుచుకుని గుర్రుమంటుంది, ఇంకాస్త దగ్గరికి వస్తే మీదికి దూకుతుంది.

కారణం: దీన్ని పొగరుగా భావించేవారు చాలామంది ఉన్నా, ఎక్కువసార్లు ఇది భయమే. సుమారు 3 నుంచి 14 వారాల వయసులో రకరకాల మనుషులు, చప్పుళ్లు పరిచయం కాని పిల్ల, లేదా ఆ వయసులో రాళ్ల దెబ్బలు తిన్న పిల్ల, పెద్దయ్యాక కొత్తదనాన్ని ప్రమాదంగానే చూస్తుంది. పైగా, తాను గుర్రుమన్నప్పుడల్లా ఎదుటి మనిషి వెనక్కి తగ్గడం చూసి, ఆ పద్ధతి పనిచేస్తుందని కూడా నేర్చుకుంటుంది.

పరిష్కారం: కొట్టడం, గద్దించడం, గొలుసు పట్టి గుంజడం ముందుగా మానాలి. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. దెబ్బలకు జడిసి అది హెచ్చరించడం మానుకోవచ్చు కానీ లోపలి భయం పోదు కనుక, ఆ తర్వాత చప్పుడు లేకుండా కరిచే అవకాశం ఉంటుంది.

కొత్త మనిషి కనబడుతున్నా కుక్క తిండి తినగలిగేంత, పిలిస్తే మీవైపు తిరగగలిగేంత దూరం ఎంతో కనిపెట్టండి. అది పది అడుగులు కావచ్చు, వీధి అవతలి చివర కావచ్చు. మనిషి కనబడిన వెంటనే ఉడికించిన కోడిమాంసం ముక్కలు ఒకటొకటిగా పెట్టి, కనుమరుగు కాగానే ఆపేయాలి. ముందు మనిషి, తర్వాతే ముక్క. ఈ వరుస తప్పకూడదు. మనిషిని చూడగానే కుక్క ఆశగా మీ చేతివైపు తిరగడం మొదలయ్యాకే ఒకటి రెండు అడుగులు ముందుకు జరగాలి. ముక్కను ముట్టకపోతే మరీ దగ్గరికి వచ్చామని గ్రహించి వెనక్కి వెళ్లాలి. దీనికి నెలలు పట్టవచ్చు. అంతవరకు చుట్టాలు వచ్చినప్పుడు దాన్ని వేరే గదిలో ఉంచడమే న్యాయం. బయటికి తీసుకెళ్లేందుకు, నోరు తెరిచి వగర్చడానికి వీలిచ్చే బుట్ట తరహా మజిల్‌ను (కరవకుండా కుక్క మూతికి తొడిగేది) నెమ్మదిగా అలవాటు చేయవచ్చు.

వచ్చిన అతిథి చేతే తినిపించమని చాలామంది సలహా ఇస్తారు. నేను దాన్ని ఒప్పుకోను. తిండి మీది ఆశ కుక్కను తాను తట్టుకోలేనంత దగ్గరికి లాగుతుంది. ముక్క అయిపోగానే ఎదురుగా పరాయి చెయ్యి మిగులుతుంది, కాట్లు పడేది అక్కడే.

సమస్య: ఇన్నేళ్లూ నెమ్మదిగా ఉన్న కుక్క ఉన్నట్టుండి, తాకితేనే కరవబోతుంది.

కారణం, పరిష్కారం: చెవిలో చీము, పంటి నొప్పి, కీళ్ల వాపు వంటివి ఉండవచ్చు. శిక్షణ కంటే ముందు పశువైద్యునికి చూపించాలి.

సమస్య: తినేటప్పుడు గిన్నె దగ్గరికి వెళితే పళ్లు చూపుతుంది.

కారణం, పరిష్కారం: తన తిండి లాగేసుకుంటారన్న భయం దానిది. గిన్నెలో చెయ్యి పెట్టి పరీక్షించకుండా, దూరం నుంచే అంతకంటే రుచైన ముక్కను విసిరి వెళ్లిపోతుండాలి. పిల్లలను మాత్రం ఆ సమయంలో దగ్గరికి రానీయకూడదు.

వీటి మధ్య ఎవరికైనా కాటు పడితే, కుక్కకు టీకాలు వేయించి ఉన్నా సరే, గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కరిచిన కుక్కను 10 రోజులు కట్టడిలో ఉంచి గమనించాలి.