కౌన్సిల్ పార్కింగ్ ఫైన్: కట్టేయాలా, సవాలు చేయాలా?

ఇంగ్లండ్‌లో కారు ముందు అద్దానికి నోటీసు అంటించి కనబడగానే మనవాళ్లలో చాలామంది రెండు పనుల్లో ఒకటి చేస్తారు. సగంతో పోతుందిలే అని ఆ రాత్రే కట్టేస్తారు, లేదా కోపం చల్లారకముందే కౌన్సిల్‌కు నాలుగు పేజీల ఉత్తరం రాస్తారు. ఏళ్ల తరబడి నా నోటీసులతో పాటు స్నేహితులవీ చదువుతూ వచ్చిన అనుభవంతో చెబుతున్నాను, రెండూ తొందరపాటే.

ముందుగా కాగితం మీది పేరు చూడండి. ‘పెనాల్టీ చార్జ్ నోటీస్’ అని, దానితో పాటు కౌన్సిల్ పేరు ఉంటేనే ఇక్కడ చెప్పేది వర్తిస్తుంది. ‘పార్కింగ్ చార్జ్ నోటీస్’ అని ఉంటే అది ప్రైవేటు కంపెనీది, దాని దారి వేరు. తర్వాత కారు కదపకముందే ఫొటోలు తీయండి: చక్రాలు, గీతలు, దగ్గరలోని ప్రతి బోర్డు, అద్దం వెనక పెట్టిన టికెట్. డ్రైవరు సీట్లోంచి బోర్డు ఎలా కనిపిస్తుందో చూపే ఫొటో కూడా తప్పనిసరి.

గడువుల సంగతి క్లుప్తంగా చెబుతాను. అద్దానికి అంటించిన నోటీసును 14 రోజుల్లో కడితే సగం, 28 రోజుల్లోపు అయితే మొత్తం కట్టాలి. లండన్ బయట మొత్తం సాధారణంగా 50 లేదా 70 పౌండ్లు. ఆ 14 రోజుల్లోపే సవాలు చేస్తే, తిరస్కరించినా చాలా కౌన్సిళ్లు సగం అవకాశాన్ని మళ్లీ ఇస్తాయి. అయితే డబ్బు కట్టారంటే కేసు ముగిసినట్టే, కట్టాక వాదించడానికి ఏమీ మిగలదు.

ఎక్కువమంది తప్పేది ఈ తర్వాతి మెట్టు దగ్గరే. మీ దగ్గర ఉన్నది ‘ఉల్లంఘన జరగలేదు’ అనే వాదనా, లేక ‘జరిగింది కానీ నా పరిస్థితి అలాంటిది’ అనే విన్నపమా అన్నది ఉత్తరం మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి. మొదటిదానికి చట్టం బలం ఉంది, రెండోది కౌన్సిల్ దయ మీద ఆధారపడుతుంది. కేసు ట్రిబ్యునల్‌కు, అంటే కౌన్సిల్ నిర్ణయం మీద అప్పీళ్లు వినే స్వతంత్ర సంస్థకు వెళ్లినా, కేవలం పరిస్థితుల కారణంగా ఫైన్ రద్దు చేసే అధికారం అక్కడి న్యాయనిర్ణేతకు లేదు. మళ్లీ ఆలోచించమని కౌన్సిల్‌కు సిఫారసు చేయడం వరకే ఆయన చేయగలరు.

నా మొదటి నోటీసు విషయంలో ఈ తేడా తెలియక నష్టపోయాను. స్తంభానికి బిగించిన బోర్డు వదులై, పక్కకు తిరిగిపోయి, ఇటుక గోడవైపు చూస్తోంది, రోడ్డు మీద నుంచి దాని వెనకవైపు బూడిదరంగు రేకు తప్ప ఏమీ కనబడదు. నేనేమో పాపకు జ్వరమని, మందుల షాపులో ఆలస్యమైందని మూడు పేరాలు రాసి, బోర్డు సంగతి చివర ఒక్క వాక్యంలో పెట్టాను, ఫొటో జతచేయలేదు. వచ్చిన జవాబులో జ్వరం గురించి సానుభూతి ఉంది, బోర్డు ప్రస్తావన లేదు, ఫైన్ అలాగే ఉంది.

నిజమైన వాదనలు ఎలా ఉంటాయంటే: ఇంగ్లండ్‌లో డబ్బు కట్టి కారు నిలిపే గీతల గడిలో (బేలో) సమయం ముగిశాక 10 నిమిషాల వెసులుబాటు ఉంది, కాబట్టి 3 గంటల వరకు టికెట్ ఉన్న కారుకు 3:08కి నోటీసు రాయకూడదు. కానీ ఇదే లెక్కను, పార్కింగ్‌పై ఆంక్షలున్నాయని చూపే రోడ్డు అంచు పసుపు గీతల మీద నిలిపినందుకు చెప్పి ఓడిపోయేవాళ్లను ఎంతమందినో చూశాను. పసుపు గీతలకు ఆ వెసులుబాటు వర్తించదు. గీత ఒకచోట కాస్త చెరిగిందన్న వాదన కూడా సాధారణంగా నిలవదు, నియమం ఏమిటో అర్థం కానంతగా చెరిగిందని ఫొటో చూపాలి. నంబరు ప్లేటు, వీధి పేరు, సమయం నోటీసులో తప్పుగా పడ్డాయేమో తప్పక సరిచూడండి.

ఉత్తరం ఒక్క పేజీ దాటకూడదు. చట్టాల సెక్షన్లతో నింపిన రెడీమేడ్ నమూనాలను నేను ఎవరికీ ఇవ్వను, మీ వీధికి సంబంధించిన ఒక్క ఫొటో వాటన్నిటికంటే ఎక్కువ పనిచేస్తుంది. వాదన ఒకటే ఉంటే ఒకటే రాయండి. విన్నపం కూడా ఉంటే విడిగా, చివర, ఆసుపత్రి కాగితంలాంటి రుజువుతో పెట్టండి. వాదన లేక విన్నపం మాత్రమే ఉంటే 14 రోజుల్లోపు ఒకసారి అడిగి, కాదంటే సగం కట్టేయండి.

వాదన గట్టిదైతే మాత్రం మొదటి తిరస్కరణకు వెనక్కి తగ్గకండి. కట్టకపోతే వాహనం ఎవరి పేరున ఉందో వారికి ‘నోటీస్ టు ఓనర్’ వస్తుంది, దానికి 28 రోజుల్లో జవాబివ్వాలి. అదీ తిరస్కరిస్తే, లండన్‌లో అయితే లండన్ ట్రిబ్యునల్స్‌కు, మిగతాచోట్ల ట్రాఫిక్ పెనాల్టీ ట్రిబ్యునల్‌కు మరో 28 రోజుల్లోపు అప్పీలు చేయవచ్చు. దానికి ఫీజు లేదు. 70 పౌండ్ల నోటీసులో మీరు పణంగా పెడుతున్నది సగం తగ్గింపు, అంటే 35 పౌండ్లు మాత్రమే. గడువులు దాటనిస్తే మాత్రం మొత్తం 105కు పెరుగుతుంది, ఆ తర్వాత వసూలుకు బెయిలిఫ్‌లు వస్తారు.

అద్దె ఇళ్లు తరచూ మారే మనవాళ్లు మరీ గమనించాల్సింది ఒకటుంది. ఆ ఓనర్ నోటీసు వాహనాలను రిజిస్టర్ చేసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏ దగ్గరున్న చిరునామాకే వెళ్తుంది. లాగ్ బుక్‌లో, అంటే కారు రిజిస్ట్రేషన్ పత్రంలో, పాత ఇల్లే ఉంటే, మీరు అప్పీలు చేయాల్సిన కాగితం మరొకరి గుమ్మంలో పడి ఉంటుంది. సవాలు చేయాలని నిర్ణయించుకున్న రోజే ఆ చిరునామాను మార్పించండి.