మూడో నెల నిండకముందే పరీక్షలకు వెళ్లండి

మన ఇళ్లలో మూడో నెల నిండేదాకా కడుపు సంగతి బయట చెప్పరు. అందులో తప్పేం లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లడం కూడా అప్పటిదాకా ఆపితేనే చిక్కు. ఎన్‌.టి. స్కాన్, దానితోపాటు డబుల్ మార్కర్ రక్తపరీక్ష 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపే చేయించాలి. బిడ్డ మెడ వెనక నీటి పొర మందాన్ని చూసే స్కాన్ అది. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోము లోపాల రిస్క్ ఎంతో ఈ రెండిటితో లెక్కకడతారు. గడువు దాటితే ఆ కొలత పనికిరాదు. మా చెల్లెలు 15వ వారంలో వెళ్లింది. ఆ వారాల్లో చేసే మరో రక్తపరీక్ష, క్వాడ్రపుల్ మార్కర్ చేశారు గానీ, ముందే వచ్చి ఉంటే బాగుండేదన్నారు.

వారాల లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుంచి మొదలవుతుంది. ఆ తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. నెలసరి సరిగా రానివాళ్లు తొలి స్కాన్‌లోనే వారాలు ఖాయం చేయించుకోవాలి. ల్యాబ్ ఫారంలో వయసు, బరువు, షుగర్, కవలలు, ఐవీఎఫ్ వివరాలు దగ్గరుండి రాయించండి. రిస్క్ లెక్కకట్టేది వాటితోనే.

'మాది మేనరికం కాదు, మాకెందుకు?' అంటారు చాలామంది. డౌన్ సిండ్రోమ్‌కూ మేనరికానికీ సంబంధం లేదు. 21వ క్రోమోజోము రెండు ఉండాల్సిన చోట మూడు ఉండటం వల్ల అది వస్తుంది. తల్లి వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా 35 దాటాక, అవకాశం పెరుగుతుంది. అయినా పాతికేళ్ల అమ్మాయి బిడ్డకూ రావచ్చు. మేనరికంలో ఎక్కువగా భయపడాల్సింది తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్తం జబ్బు) లాంటి వాటికి. తల్లి క్యారియర్ (తనకు జబ్బు లేకున్నా దాని జన్యువు ఉన్న మనిషి) అని తేలితే భర్తకూ వెంటనే రక్తపరీక్ష చేయించాలి. 'నాకేం జబ్బు లేదు' అని ఆయన మొండికేస్తే పెద్దవాళ్లయినా నచ్చజెప్పండి.

రిపోర్టులో 'హై రిస్క్' అని కనబడితే టెన్షన్ సహజం. ఒక్క మాట గుర్తుంచుకోండి: 1:200 అంటే అలాంటి 200 మంది తల్లుల్లో 199 మంది బిడ్డలకు ఆ సమస్య ఉండదు. ఆ కాగితం ఒక్కటే చూసి గర్భం తీయించుకోవద్దు, దయచేసి. తల్లి రక్తంతో చేసే ఎన్‌ఐపీటీ ఇంకా నమ్మదగినదే, కానీ అదీ జల్లెడ పట్టడమే. ఖాయంగా చెప్పేది సీవీఎస్ (మాయ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష), లేదా 15 వారాలు నిండాక చేసే ఉమ్మనీటి పరీక్ష. వాటితో గర్భస్రావం ముప్పు కొద్దిగా ఉంటుంది, అడిగి తెలుసుకుని ఒప్పుకోండి. చేయించుకోవాలా వద్దా అన్నది మీ ఇద్దరి నిర్ణయం, చుట్టాలది కాదు.

'లో రిస్క్' వచ్చినా టిఫా స్కాన్ మానొద్దు. గుండె, వెన్నెముక, మెదడు చూసేది అందులోనే. 18–22 వారాల మధ్య చేస్తారు, 20 దాటనివ్వకపోవడం మేలు. ఏదైనా తేలితే ఆలోచించుకోవడానికి వ్యవధి కావాలి. 24 వారాలు దాటాక తీవ్రమైన లోపం ఉన్నా గర్భం తీయించుకోవడానికి మెడికల్ బోర్డు అనుమతి తప్పనిసరి. ఏ స్కాన్‌లోనూ ఆడా మగా అని అడగకండి, అది నేరం.

షుగర్ పరీక్ష మొదట్లో ఒకసారి, 24–28 వారాల మధ్య మరోసారి. బీపీ ప్రతి విజిట్‌లో చూపించుకోండి. 140/90 కి చేరినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకబారినా ఆరోజే ఆసుపత్రికి వెళ్లండి.

కాన్పుకు పుట్టింటికి వెళ్లేటప్పుడు చీరలకన్నా ముందు ఫైలు సర్దుకోండి. నెగటివ్ బ్లడ్ గ్రూపు అయితే యాంటీ-డి ఇంజెక్షన్ ఏ తేదీన ఇచ్చారో పైపేజీ మీదే రాయించండి.