స్టార్టర్ మోటార్ మీద చెయ్యి వేసే ముందు: తెరచాప పడవల వాళ్లకు జాగ్రత్తలు

కీ తిప్పితే స్టార్టర్ (ఇంజిన్‌ను మొదట తిప్పే మోటారు) టక్‌మని ఆగిపోతోందా? ఇంజిన్ కంటే ముందు పడవ సంగతి చూడండి. లంగరు వేసి, అది గట్టిగా పట్టిందో లేదో చూసుకోండి. లోతు ఎక్కువైతే తెరచాప ఎత్తి ఒడ్డుకు దూరంగా వెళ్లండి.

▢ గేరు న్యూట్రల్‌లో ఉండాలి. గేరులో ఉంటే కొన్ని ఇంజిన్లలో స్టార్టర్ అసలు తిరగదు.

▢ ఉంగరం, వాచీ, గొలుసు తీసేయండి.

▢ బ్యాటరీ పెట్టె తెరిచి గాలి ఆడనివ్వండి. అందులో హైడ్రోజన్ ఉండొచ్చు, ఒక్క నిప్పురవ్వ చాలు.

▢ సముద్రపు నీటి వాల్వు (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు లోపలికి వచ్చే దారి). దీన్ని మాత్రం దయచేసి మరవకండి. ఇంజిన్ అంటుకోకుండా స్టార్టర్ మళ్లీ మళ్లీ తిప్పితే పంపు నీళ్లు లాగుతూనే ఉంటుంది. వాటిని బయటికి నెట్టే పొగ ఒత్తిడి ఉండదు. సైలెన్సర్ నిండి నీళ్లు సిలిండర్లలోకి వెనక్కి వస్తాయి, చిన్న రిపేరు కాస్తా ఇంజిన్ విప్పే పని అవుతుంది. కాబట్టి వాల్వు మూసి, గుర్తుండేలా కీని దాని పిడికే తగిలించండి. ఇంజిన్ అంటుకున్న వెంటనే తెరవాలి, లేకపోతే పంపు రబ్బరు చక్రం పాడవుతుంది.

▢ వోల్టు మీటరు దగ్గర ఉంచుకోండి. నిండా చార్జ్ ఉన్న 12 వోల్టుల బ్యాటరీ దేనికీ కరెంటు ఇవ్వకుండా ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. అది బాగుంటే మోటారును అనుమానించే ముందు చిలుము పట్టిన టెర్మినళ్లు, ఎర్త్ వైరు చూడండి.

▢ ఒక్కోసారి పది సెకన్లకు మించి తిప్పకండి, మధ్యలో చల్లారనివ్వండి.

▢ స్పానర్ పెట్టే ముందు బ్యాటరీ స్విచ్ ఆపి, నెగటివ్ వైరు విప్పండి.

▢ పెట్రోల్ ఇంజిన్‌లో స్క్రూడ్రైవర్‌తో స్టార్టర్ టెర్మినళ్లు కలపడం అస్సలు వద్దు.