హైదరాబాద్ నుంచి డాలస్: దూరం, ప్రయాణ సమయం లెక్క కట్టే పద్ధతి

గోడ మీది ప్రపంచ పటంలో స్కేలు పెట్టి కొలిస్తే డాలస్ దారి అట్లాంటిక్ మీదుగా అడ్డంగా పోతున్నట్టు కనిపిస్తుంది. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి, అది ఉత్తర ధ్రువం పక్కగా, దాదాపు 500 కిలోమీటర్ల దూరంలోంచి పోతుంది. దగ్గరి దారి అదే.

లెక్కకు సైంటిఫిక్ కాల్‌క్యులేటర్ చాలు. శంషాబాద్ అక్షాంశం 17.24 ఉత్తరం, రేఖాంశం 78.43 తూర్పు. డాలస్ విమానాశ్రయానివి 32.90 ఉత్తరం, 97.04 పశ్చిమం. ముందు అక్షాంశాల సైన్ విలువలు రెండూ గుణించండి: 0.161. తర్వాత అక్షాంశాల కొసైన్‌లనూ, రేఖాంశాల తేడా (పశ్చిమానికి మైనస్ పెడితే 175.47) కొసైన్‌నూ గుణించండి: మైనస్ 0.799. రెండూ కలిపితే మైనస్ 0.638. దీని ఇన్వర్స్ కొసైన్ 129.7 డిగ్రీలు. డిగ్రీకి 111.2 కి.మీ. చొప్పున సుమారు 14,400 కి.మీ.

పశ్చిమ రేఖాంశానికి మైనస్ పెట్టడం మరిచిపోతే 2,550 కి.మీ. వస్తుంది. అంటే డాలస్ వెళ్లి దుబాయ్ అంత దూరంలో కూర్చుంటుంది! కాల్‌క్యులేటర్ డిగ్రీల మోడ్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి. ఇంత లెక్క వద్దనుకుంటే కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, రైట్ క్లిక్ చేసి, దూరం కొలిచే ఆప్షన్ వాడండి.

మనం నిజంగా ఎగిరే దూరం ఇంకాస్త ఎక్కువ. దుబాయ్‌లో మారితే 2,550, 12,920 కలిపి దాదాపు 15,470 కి.మీ. అంచనాకు గంటకు 900 కి.మీ. వేగం తీసుకుని, పైకి లేవడం, కిందికి దిగడం కోసం ఒక్కో విమానానికి 40 నిమిషాలు కలపండి. దుబాయ్–డాలస్ ఇలా 15 గంటలు తేలుతుంది. ఎదురుగాలి వల్ల, దారి మళ్లింపుల వల్ల టైమ్‌టేబుల్‌లో సుమారు 16 ఉంటుంది. వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది కనుక గంటకు పైగా తగ్గుతుంది.

టికెట్ మీద ఉండేవి ఏ ఊరి టైము ఆ ఊరిదే. ఉదాహరణకు జులై 10 తెల్లవారుజామున 4:20కి బయల్దేరి, అదే రోజు సాయంత్రం 4:05కి డాలస్‌లో దిగుతారనుకుందాం. పైకి 11 గంటల 45 నిమిషాలే. దానికి రెండు ఊళ్ల టైముల తేడా 10:30 గంటలు కలిపితే అసలు ప్రయాణం 22 గంటల 15 నిమిషాలు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా తేడా 10:30, మిగతా కాలం 11:30. తిరుగు ప్రయాణానికి కలపకుండా తీసేయాలి.

దుబాయ్‌కి బదులు అమెరికాలోనే మరో ఊళ్లో విమానం మారేట్టయితే మధ్యలో కనీసం 3 గంటలు ఉంచుకోండి. ఇమిగ్రేషన్ అక్కడే, పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ ఇచ్చేదీ అక్కడే. ఇక 10వ తేదీ తెల్లవారుజామున 4:20 అంటే ఇంట్లోంచి కదలాల్సింది 9వ తేదీ రాత్రి. పెద్దవాళ్లను ఒంటరిగా పంపిస్తుంటే ఈ తేదీ కాగితం మీద రాసివ్వండి.